కడిగిన మూడో రోజుకే పాలలా తెల్లబడుతున్న అక్వేరియం నీళ్లు: కారణం ఏమిటి?

నిజాంపేట నాన్న:

అందరికీ నమస్కారం. మేము హైదరాబాద్‌లో నిజాంపేట వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటాము. ఐదు వారాల క్రితం మా అమ్మాయి పుట్టినరోజుకని రెండడుగుల అక్వేరియం తెచ్చాము. పొడవు 24 అంగుళాలు, వెడల్పు 12, ఎత్తు 15. పైన రెండంగుళాలు వదిలి నింపితే 60 లీటర్లకు కాస్త అటూ ఇటూగా నీళ్లు పడుతున్నాయి. నాలుగు చిన్న గోల్డ్‌ఫిష్‌లు, లోపల అద్దానికి అతికించే మోటారు ఫిల్టర్ ఒకటి, అడుగున రెండంగుళాల మందాన గులకరాళ్లు ఉన్నాయి. మొక్కలు లేవు.

నీళ్లు నింపిన రోజు అద్దంలా ఉంటాయి. రెండో రోజు సాయంత్రానికి ఎవరో రెండు చుక్కల పాలు కలిపినట్టు కనిపిస్తాయి. మూడో రోజుకు బియ్యం కడిగిన నీళ్లలా తయారై, వెనకవైపు అతికించిన నీలిరంగు సముద్రం బొమ్మ కూడా కనిపించదు. కొన్న దుకాణంలో అడిగితే మొత్తం నీళ్లు తీసేసి శుభ్రంగా కడగమని, ప్రతిసారీ నాలుగు చుక్కల నీలం మందు వేయమని చెప్పారు. అందుకని ప్రతి ఆదివారం చేపలను బకెట్లోకి మార్చి, గులకరాళ్లను కూరగాయల బుట్టలో పోసి కుళాయి కింద కడిగి, మేడ మీద ఎండబెడుతున్నాను. ఫిల్టర్‌లోని స్పాంజిని గోధుమరంగు నీళ్లు పోయి స్వచ్ఛమైన నీళ్లు వచ్చేదాకా పిండి, దాన్నీ ఎండలోనే ఆరేస్తున్నాను. ఇంత చేసినా మొదట్లో వారం రోజులు నిలిచిన తేటదనం ఇప్పుడు రెండు రోజులు కూడా నిలవడం లేదు.

మా సంపులోకి బోరు నీళ్లు, జలమండలి వారి మంజీరా నీళ్లు కలిసే వస్తాయి. ఎద్దడి రోజుల్లో ట్యాంకర్ నీళ్లు కూడా కలుస్తాయి. రెండు రోజులుగా ఒక చేప అడుగున ఒక మూల కదలకుండా కూర్చుంటోంది. మిగతావి తెల్లవారుజామున నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఊరి నుంచి వచ్చిన మా అమ్మ పటిక తిప్పమంటోంది, లేదా చిల్లగింజ అరగదీసి వేయమంటోంది. వేయవచ్చునా? అసలు లోపం నీళ్లలో ఉందా, ఫిల్టర్‌లో ఉందా?

గాజుతొట్టి:

నమస్కారమండీ. మందు గురించి ఆలోచించే ముందు ఆ మసక ఏ రకానిదో తేల్చుకోవాలి. నీళ్లు ఆకుపచ్చగా మారితే అది కంటికి కనిపించని నాచు; కిటికీ ఎండ నేరుగా పడే తొట్లలో వస్తుంది, మూడు నాలుగు రోజులు మందపాటి దుప్పటి కప్పి చీకటి చేస్తే చాలావరకు తగ్గుతుంది. టీ డికాక్షన్ రంగు వస్తే లోపల పెట్టిన కర్ర నుంచి దిగిన సారం. దానివల్ల హాని లేదు. తెల్లటి మసకకు మాత్రం కారణాలు నాలుగైదు ఉంటాయి.

ఈ రాత్రి ఒక పని చేయండి. ఒక గాజు గ్లాసులో తొట్టి నీళ్లు, మరో గ్లాసులో కుళాయి నీళ్లు పట్టి, మూత పెట్టి కదపకుండా ఉంచండి. తెల్లదనం కొద్ది నిమిషాల్లో కింది నుంచి పైకి తేరుకుంటూ పోతే అవి గాలి బుడగలు. ఉదయానికి అడుగున సన్నటి పొడి పేరుకుని పైన తేటపడితే అది సరిగా కడగని రాళ్ల దుమ్ము. కుళాయి నీళ్ల గ్లాసులో కూడా తెల్లటి పొడి దిగితే, గీజర్ రాడ్డుకు పట్టే సున్నపు పెచ్చు లాంటిదే, మీ బోరు నీళ్ల కాఠిన్యం వల్ల వచ్చినది. ఉదయానికి కూడా తొట్టి నీళ్ల గ్లాసు అలాగే మసకగా ఉండి, అడుగున ఏమీ పేరుకోకపోతే అది బ్యాక్టీరియా. మీ వర్ణన చదివితే నాకు ఈ చివరిదే అనిపిస్తోంది. అదే అయితే ఏమీ చేయకుండా వదిలేయండి, వారం పది రోజుల్లో దానంతట అదే తేరుకుంటుంది.

వీలైతే చుక్కల మందుతో నీటిని పరీక్షించే కిట్ ఒకటి కొని, అమోనియా, నైట్రైట్, నైట్రేట్, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార స్థాయి) ఎంతెంత ఉన్నాయో ఇక్కడ రాయండి.

నిజాంపేట నాన్న:

గ్లాసుల పరీక్ష చేశాను. కుళాయి నీళ్లు ఉదయానికీ తేటగానే ఉన్నాయి, అడుగున ఏమీ లేదు. తొట్టి నీళ్ల గ్లాసు వెనక వార్తాపత్రిక పెడితే అక్షరాలు పొగమంచులోంచి చూసినట్టు కనిపించాయి. గ్లాసు అడుగు శుభ్రంగానే ఉంది. ఏపీఐ వారి కిట్ కూడా తెప్పించాను. ఆదివారం కడిగిన తొట్టికి గురువారం పరీక్ష చేస్తే అమోనియా 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు), నైట్రైట్ సున్నా, నైట్రేట్ 20, పీహెచ్ 8 దగ్గర, నీటి ఉష్ణోగ్రత 28 డిగ్రీలు. కుళాయి నీళ్లలో అమోనియా సున్నా, నైట్రేట్ అక్కడ కూడా 20 ఉంది. ఏమీ చేయకుండా వదిలేయాలన్నారు కదా, అలాగే ఉంచాను.

పాత స్పాంజి:

వదిలేయకండి. గాజుతొట్టి గారు మసక గురించి చెప్పినది సరైనదే, చేపలు లేని తొట్టి అయితే నేనూ అదే చెప్పేవాణ్ణి. కానీ ఈ అంకెలతో చేపలను పది రోజులు ఉంచడం ప్రమాదం.

మీరు రాసిన వాటిలో అసలు సంగతి అంతా నైట్రైట్ సున్నాలో, నైట్రేట్ కుళాయి నీళ్లతో సమానంగా ఉండడంలో ఉంది. చేపల విసర్జన, మిగిలిన మేత కుళ్లడం వల్ల అమోనియా పుడుతుంది. దాన్ని ఒక జాతి బ్యాక్టీరియా నైట్రైట్‌గా, మరో జాతి ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ రెండూ నీళ్లలో ఈదుతూ ఉండవు. స్పాంజి రంధ్రాల్లో, గులకరాళ్ల మీద, అద్దం మీద జిగురు పొరలా అతుక్కుని ఉంటాయి. రెట్టింపు కావడానికి వీటికి సగం రోజు నుంచి ఒక రోజు పడుతుంది కనుక, కొత్త తొట్టిలో సరిపడా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు కావాలి. మీ తొట్టికి ఐదు వారాలంటున్నారు గానీ, అంకెల ప్రకారం దాని వయసు నాలుగు రోజులే. మీరు పిండి పారబోసిన ఆ గోధుమరంగు నీళ్లు వట్టి మురికి కాదు, ఫిల్టర్ పనిలో సగం అందులోనే పోయింది. మిగిలిన కొద్దిపాటిని మేడ మీది ఎండ చంపింది. సంపులో మంజీరా నీళ్లు కలిసిన రోజున ఉండే క్లోరిన్, ఆ నీలం మందు కూడా వాటికి విషమే. నీలం మందు మిథిలీన్ బ్లూ అయి ఉంటుంది; అది బూజు పట్టిన చేపకు విడిగా బకెట్లో వాడవలసినది, నడుస్తున్న ఫిల్టర్ ఉన్న తొట్టిలో వేయకూడదు.

మరి తెల్లదనం ఎవరిది అంటే, అది వేరే జాతి. మిగిలిన మేతను, విసర్జనలోని సేంద్రియ పదార్థాన్ని తిని బతికే ఈ బ్యాక్టీరియా అనుకూలిస్తే గంటలోపే రెట్టింపు కాగలవు. తొట్టిని మొత్తం కడిగిన ప్రతిసారీ నెమ్మదిగా పెరిగేవి పోయి, పోటీ లేని ఖాళీ తొట్టి ఈ వేగంగా పెరిగే వాటి చేతికి దొరుకుతుంది. మూడో రోజుకు మీకు కనిపించే పాలరంగు అదే. ఎంత బాగా కడిగితే అంత త్వరగా మసకబారడానికి కారణం ఇది. ఇవి చేపను నేరుగా ఏమీ చేయవు, కాని నీటిలోని ప్రాణవాయువును లాగేస్తాయి. 20 డిగ్రీల నీళ్లు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టి ఉంచగలిగితే, 30 డిగ్రీల దగ్గర అది ఏడున్నరకు పడిపోతుంది. గోల్డ్‌ఫిష్ చల్లటి నీటి చేప కావడంతో మన ఇళ్లలో దానికి ఈ లోటు మరింత తెలుస్తుంది.

అమోనియా విషయానికొస్తే, కిట్ చూపే 2 పీపీఎం మొత్తం విషం కాదు. పీహెచ్ 7 దగ్గర అందులో నూటికి ఒక వంతు కూడా విషరూపంలో ఉండదు. పీహెచ్ 8, ఉష్ణోగ్రత 28 ఉన్నప్పుడు ఆరు వంతులు దాటుతుంది. అంటే మీ తొట్టిలో ఇప్పుడు 0.13 దాకా విషరూప అమోనియా ఉంది. 0.05 దగ్గరే మొప్పలు దెబ్బతినడం మొదలవుతుందని మేము లెక్క పెట్టుకుంటాము. మూల కూర్చున్న చేప బాధ అదే అయి ఉంటుంది.

కనుక ఈ రోజు సగం నీళ్లు మార్చండి, రేపు మళ్లీ సగం మార్చండి. అమోనియా 2 కాస్తా 1 అయి, అర దగ్గరికి వస్తుంది. ఆ తరువాత రోజూ పరీక్షించి, అర దాటిన రోజు పావు వంతు మార్చండి. కొత్త నీళ్లను బకెట్లో పట్టి, ఎయిర్ పంపుతో ఒక రోజంతా గాలి కొట్టించి పోయండి. తొందరైతే సోడియం థయోసల్ఫేట్ కలిపిన క్లోరిన్ విరుగుడు దుకాణాల్లో దొరుకుతుంది. రాళ్లను, స్పాంజిని తాకవద్దు. స్పాంజి మూసుకుపోయి నీటి ధార తగ్గితే, తొట్టిలోంచి తీసిన నీళ్లనే మగ్గులో పోసి అందులో రెండుసార్లు పిండి వెంటనే పెట్టేయండి. ఫిల్టర్ ఆగి ఉండేది ఐదు నిమిషాలకు మించకూడదు. మేత రోజు విడిచి రోజు, రెండు నిమిషాల్లో తినేసేంతే వేయండి. మా ఇంట్లో కూడా మేత డబ్బా నేను ఆఫీసుకు వెళ్లేటప్పుడు బీరువాలో పెట్టేవాణ్ణి, ఎందుకంటే పిల్లలకు చేప నోరు తెరిచిన ప్రతిసారీ ఆకలిలాగే కనిపిస్తుంది.

తెలిసినవారి దగ్గర ఆరు నెలలకు పైగా ఆరోగ్యంగా నడుస్తున్న తొట్టి ఉంటే, వారి ఫిల్టర్ నుంచి చిన్న స్పాంజి ముక్క అడిగి, ఆ తొట్టి నీళ్లతోనే తడిగా కవర్లో పెట్టుకుని గంటలోపు తెచ్చి మీ ఫిల్టర్‌లో దూర్చండి. వారాల పని రోజుల్లో అవుతుంది. ఆ తొట్టిలో చేపల ఒంటి మీద తెల్ల మచ్చలు ఉంటే మాత్రం తేవద్దు, మచ్చల జబ్బు కూడా ఆ ముక్కతోనే వస్తుంది. ఇక నాలుగు గోల్డ్‌ఫిష్‌లకు 60 లీటర్లు చాలవు. ఇప్పుడు బొటనవేలంత ఉన్నవి పెరిగే కొద్దీ ఈ సమస్య ఏదో ఒక రూపంలో తిరిగి వస్తుంది కనుక, రెండింటిని ఎవరికైనా ఇచ్చేయడం నయం.

చెరువుగట్టు, భీమవరం:

పటిక మాట ఎవరూ ఎత్తలేదు కనుక రాస్తున్నాను. పటిక గానీ చిల్లగింజ గానీ వరద నీళ్లలోని ఒండ్రుకు బాగా పనిచేస్తాయి. మట్టి రేణువులను ముద్దలుగా చేర్చి కిందికి దించుతాయి. మా అమ్మమ్మ కాలువ నీళ్ల కుండలో చిల్లగింజ అరగదీయడం నేను చూశాను. మీ తొట్టిలో ఉన్నది ఒండ్రు కాదు. పటిక వేస్తే ఒక పూట తేటగా కనిపించవచ్చు, కాని బ్యాక్టీరియా మేత అలాగే ఉంటుంది కనుక మళ్లీ తెల్లబడుతుంది. పైగా పటిక నీటిలోని క్షారతను తినేసి పీహెచ్‌ను దించుతుంది, ఆ ముద్దలు మొప్పలకు పడతాయి. అమ్మగారికి నా మాటగా చెప్పండి, ఆవిడ సలహా తాగే నీళ్లకు సరైనదే.

తెల్లవారుజామున చేపలు తేలడం గురించి ఇంకొక మాట. మా చెరువుల్లో శీలావతి, బొచ్చె పెంచేవాళ్లం తేటనీళ్లు చూస్తే భయపడతాము. నీళ్లు లేత ఆకుపచ్చగా ఉండి, చేయి మోచేతి దాకా ముంచితే అరచేయి కనీకనబడకుండా ఉంటే చెరువు బాగుందని లెక్క. ఆ పచ్చదనం పగలు ప్రాణవాయువు ఇస్తుంది, అమోనియాను తీసుకుంటుంది; రాత్రి మాత్రం తనే ప్రాణవాయువు తాగుతుంది. అందుకే వేకువన ఏరేటర్లు తిప్పుతాము. మీ తొట్టిలో పగలు ఇచ్చే నాచూ లేదు, మొక్కా లేదు, రాత్రింబవళ్లు తాగే బ్యాక్టీరియా మాత్రమే ఉంది. గాలిని సన్నటి బుడగలుగా వదిలే ఎయిర్ స్టోన్ ఒకటి ఈ రోజే పెట్టి రాత్రంతా నడపండి. కరెంటు పోతే ఆగకుండా బ్యాటరీతో నడిచే పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోవడం మంచిది.

అమోనియా ఎక్కువగా ఉన్న ఈ వారం మట్టుకు జియోలైట్ అనే ఖనిజపు గుళికలు పిడికెడు పలుచని గుడ్డలో మూటకట్టి ఫిల్టర్ ధార తగిలే చోట వేలాడదీయండి. మేము చెరువుల్లో బస్తాలతో చల్లుతాము. అమోనియాను పట్టి ఉంచుతుంది.

పాత స్పాంజి:

జియోలైట్‌కు నా అభ్యంతరం పెద్దగా లేదు, చేపలు బతకడం ముఖ్యం. అయితే అమోనియా మొత్తం అదే లాగేస్తే దాన్ని తిని పెరగవలసిన బ్యాక్టీరియాకు మేత ఉండదు. పిడికెడుకు మించవద్దు, వారం తరువాత తీసేయండి.

ఫ్రిస్కో నుంచి:

అమెరికాలో ఉండి ఇది చదివేవారి కోసం చిన్న హెచ్చరిక. బకెట్లో ఒక రోజు గాలి కొట్టిస్తే క్లోరిన్ పోతుందన్న సలహా హైదరాబాద్ నీళ్లకు సరిపోతుంది. మా డాలస్ చుట్టుపక్కల కుళాయి నీళ్లలో ఏడాదిలో ఎక్కువ కాలం క్లోరిన్ బదులు, క్లోరిన్, అమోనియా కలిసి ఏర్పడే క్లోరమైన్ ఉంటుంది, అది ఒక రోజులో ఎగిరిపోదు. విరుగుడు వేస్తే క్లోరిన్ భాగం పోయి అమోనియా మిగులుతుంది. కనుక అమోనియాను కూడా బంధిస్తుందని సీసా మీద రాసి ఉన్న విరుగుడునే తీసుకోండి. నేను ఈ తేడా తెలియక ఇండియాలో నేర్చుకున్న పద్ధతిలోనే నీళ్లు మార్చి మొదటి ఆరు చేపలనూ పోగొట్టుకున్నాను.

నిజాంపేట నాన్న:

మూడు వారాల తరువాత రాస్తున్నాను. మూల కూర్చున్న చేప మూడో రోజున పోయింది. మరొకదాన్ని పై అంతస్తులో పెద్ద తొట్టి ఉన్నవారికి ఇచ్చాము. వారి దగ్గరి నుంచే అరచేయంత పాత స్పాంజి తెచ్చుకున్నాను. అది చూడడానికి తడిసిన బెల్లపు ముక్కలా ఉంది, ఇంతకాలం నేను పారబోసింది ఇలాంటిదేనా అనిపించింది. నీళ్లు తొమ్మిదో రోజు నుంచి తేరుకోవడం మొదలై, పన్నెండో రోజుకు వెనక సముద్రం బొమ్మలోని చిన్న చేపలు కూడా లెక్కపెట్టగలిగేంత తేటపడ్డాయి. ఇప్పుడు అమోనియా పావు పీపీఎం. తెల్లవారుజామున తేలడం పూర్తిగా ఆగిపోయింది.

నీళ్లు బాగుపడ్డాయి కదా అని నాలుగు రోజులు పరీక్ష మానేసి నిన్న చూస్తే నైట్రైట్ సీసా రంగు లేత నీలం నుంచి ఊదాకు మారింది, కార్డుతో పోలిస్తే 2 పీపీఎం. నిన్నటి నుంచి రెండు చేపలూ మొప్పలు కాస్త వేగంగా ఆడిస్తున్నాయి. జియోలైట్ మూట ఇంకా లోపలే ఉంది, తీయడం మరిచిపోయాను. నైట్రైట్‌కు ఉప్పు వేయాలని చెరువుగట్టు గారు వేరే చోట రాసినది చదివాను. వేయనా?

పాత స్పాంజి:

వేయండి, కాని ముందు జియోలైట్ మూట బయటికి తీయండి. ఉప్పు నీళ్లు తగిలితే జియోలైట్ తను పట్టి ఉంచిన అమోనియాను తిరిగి వదిలేస్తుంది. మూడు వారాలుగా మింగినదంతా ఒక్కసారిగా 60 లీటర్లలోకి వస్తే ఇంతవరకు పడిన శ్రమ వృథా అవుతుంది.

నైట్రైట్ పెరగడం నిజానికి పని జరుగుతోందనడానికి గుర్తే. మొదటి జాతి బ్యాక్టీరియా కుదురుకుంది, రెండోది ఇంకా వెనకబడి ఉంది. నైట్రైట్ మొప్పల గుండా రక్తంలోకి వెళ్లి, రక్తం ప్రాణవాయువును మోయకుండా చేస్తుంది; అందుకే నీళ్లు తేటగా, ఎయిర్ స్టోన్ నడుస్తూ ఉన్నా చేప ఆయాసపడుతుంది. ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌కు పోటీగా నిలిచి దాన్ని లోపలికి రానివ్వదు.

ఈ పూట మూట తీసి పావు వంతు నీళ్లు మార్చండి. ఆ తరువాత లీటరుకు అర గ్రాము చొప్పున మొత్తం 30 గ్రాముల కల్లుప్పును మగ్గు నీళ్లలో పూర్తిగా కరిగించి, మూడు భాగాలు చేసి, ఉదయం, మధ్యాహ్నం, రాత్రి ఫిల్టర్ ధార దగ్గర పోయండి. ఉప్పు ఆవిరై పోదు కనుక, ఆ తరువాత 15 లీటర్లు మార్చిన రోజున ఏడున్నర గ్రాములే కలపాలి, మళ్లీ 30 కాదు. నైట్రైట్ వరుసగా మూడు రోజులు సున్నా చూపేదాకా పరీక్ష రోజూ చేయండి, మేత రెండు రోజులు ఆపండి. రేపు ఉదయం అమోనియా, నైట్రైట్ రెండూ చూసి ఇక్కడ రాయండి.